కప్పు గెలిచిన రోజు ఈసీజీ గది బయట

నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఈ మాట వినయానికి అనడం లేదు. ముప్పై నాలుగేళ్లు రైల్వే ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, అందులో చివరి పదకొండేళ్లు సూరత్‌లో గడిపి, రిటైరయ్యాక ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో చేరినదాన్ని. నేను చేరిన సీజన్‌లోనే ఆ క్లబ్బు రాష్ట్ర లీగ్ గెలిచింది. అయినా ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరైనా బల్ల మీద గ్లాసులూ చెంచాలూ పేర్చి చూపిస్తే తప్ప ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కండరాల పేర్లన్నీ మీకు నాకంటే బాగా వచ్చి ఉంటాయి. నేను చెప్పబోయేది నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తర్వాత తీసుకున్న ఒక నిర్ణయం గురించి. ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. రుజువు చూపించమంటే మాత్రం నా దగ్గర లేదు.

నేను రిటైరైంది మొదటి లాక్‌డౌన్‌లో. వీడ్కోలు సభకి నలుగురు వచ్చారు, నలుగురూ మాస్కుల్లోనే. దండ నా మెడలో వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, "తీసుకోండి మేడమ్" అన్నారు. నేనే తీసి నా మెడలో వేసుకుని ఇంటికి వచ్చాను. డిండోలీలో మా ఇల్లు. ఆర్నెల్లు ఆ ఇంట్లో పప్పు డబ్బాలు సర్దడం, మా ఆయన చదివే పేపరు మళ్లీ చదవడం తప్ప నాకు పనేమీ లేదు.

ఒకరోజు పొద్దున గేటు బయట ఒక గుజరాతీ పెద్దమనిషి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకుని నిలబడ్డాడు. చీరల వ్యాపారి, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడు. క్లబ్బు మేనేజరు ఆయనే. వాళ్ల ఫిజియో లాక్‌డౌన్‌లో సొంత ఊరికి వెళ్లి ఇక రానన్నాడట.

"మీరు రైలు పట్టాల మీద పనిచేసేవాళ్ల మోకాళ్లు బాగుచేస్తారని విన్నాను బెన్" అన్నాడు. బెన్ అంటే అక్కడ అక్క, చెల్లి, మేడమ్ అన్నీ.

"ఆటగాళ్ల సంగతి నాకు తెలియదండీ" అన్నాను.

"మోకాలు మోకాలే కదా!"

సోమవారం నుంచి పనిలో చేరాను.

బమ్రోలీ దాటాక గ్రౌండు, దాని పక్కనే హాస్టలు. ఇరవై ఇద్దరు ఆటగాళ్లు అందులోనే ఉండాలి, బయటికి పోకూడదు, బయటివాళ్లు రాకూడదు. నాకూ అక్కడే ఒక గది ఇచ్చారు. సగం మంది మగ్గాల కార్మికుల పిల్లలు, అద్దకం మిల్లుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. కోచ్ కేరళ మనిషి, రోజుకి పది మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. ఆ పదిలో ఆరు తిట్లు.

కెప్టెన్ తెలుగువాడని మొదటిరోజే తెలిసింది. గ్రౌండుకి అవతలి చివర ఫోన్లో "ఏందే అమ్మా, తిన్నవా లేదా?" అని అరుస్తుంటే ఇవతలికి వినబడింది. సూరత్‌లో తెలుగు నేతపనివాళ్లుండే లింబాయత్‌లో మగ్గాల మోత మధ్య పుట్టి పెరిగినవాళ్లకి మెల్లగా మాట్లాడటం రాదు. నేను తెలుగులో పలకరించేసరికి కళ్లు పెద్దవి చేసుకున్నాడు.

"అరె, మీరు మనోళ్లేనా! యాడ మీది?"

"వరంగల్ దగ్గర."

"మాది కరీంనగర్ దిక్కు. నేను సూడలే, మా నాయిన చెప్తే ఇన్న. ఇగ మంచిగైంది పో. నా నడుము జర చూడక్కా."

నా వయసుకి 'అమ్మా' అనవచ్చు. 'అక్కా' అన్నాడు. అందుకే అతనంటే నాకు మొదటిరోజు నుంచీ కొంచెం పక్షపాతం. ఇరవై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదో ఏట నుంచి కార్ఖానాలో మగ్గం నడుపుతూ, షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకి వచ్చి ఆడినవాడు. జీతం తీసుకుని ఆడటం ఇదే మొదలు.

ఖాళీ స్టేడియంలో ఆట చూడటం వింతగా ఉండేది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. బంతిని తన్నిన చప్పుడు, కోచ్ తిట్లు, మా కెప్టెన్ కేకలు, అంతే. మొదటి ఐదు మ్యాచుల్లో నాలుగు గెలిచాం. అప్పుడు రెండో వేవ్ వచ్చింది. లీగ్ ఆపేశారు, అందర్నీ ఇళ్లకి పంపారు.

ఆ రెండు నెలల గురించి ఎక్కువ రాయను. సూరత్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా అందదు. కెప్టెన్ తండ్రి ఆ రోజుల్లోనే పోయారు. కొడుకు మూడు ఆసుపత్రులు తిరిగి మంచం సంపాదించాడు గాని, అప్పటికే ఆలస్యమైంది. నేను ఫోన్ చేస్తే, ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి వినబడనంత చిన్నగా, "మా నాయిన నా ఆట ఒక్కటి గూడ స్టేడియంల సూడలే అక్కా" అన్నాడు.

వానలు మొదలయ్యాక లీగ్ మళ్లీ పెడతామన్నారు. ఒక్కొక్కరే హాస్టలుకి తిరిగి వచ్చారు. నా తప్పు ఇక్కడే జరిగింది.

మా గోల్‌కీపర్ అచ్చమైన సూరతీ. ఆరడుగుల మనిషి, ప్లేటు నిండా శనగపిండి లోచో తిని ఇంకో ప్లేటు అడిగేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు అతనికి కరోనా వచ్చింది. రెండ్రోజుల జ్వరం, అంతే. తగ్గి పది రోజులైందని, పరీక్షలో నెగటివ్ వచ్చిందని కాగితం చూపించాడు. "ఆయాసం ఏమైనా ఉందా?" అని అడిగాను. "బిల్కుల్ నహీ బెన్" అన్నాడు. నేను ఫిట్ అని రాసి సంతకం పెట్టాను. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. బయట ఇంకా పదిమంది వరసలో ఉన్నారు.

మూడో రోజు గ్రౌండు చుట్టూ పరుగు తీస్తూ, మూలనున్న జెండా దగ్గర కుప్పకూలాడు. కాలు జారిందనుకుని ఇద్దరు నవ్వారు కూడా. నేను పరిగెత్తాను. అరవయ్యేళ్ల మనిషిని, తడి గడ్డిలో చెప్పు ఊడిపోయినా ఆగలేదు. నాడి అందుతోంది, కాని దానికి ఒక వరస లేదు, తడబడుతోంది. నిమిషం తర్వాత కళ్లు తెరిచాడు. ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు.

ఆసుపత్రిలో గుండె కండరానికి వాపు ఉందని తేల్చారు. ప్రాణానికి ప్రమాదం తప్పింది, నయమవుతుంది, కాని కొన్ని నెలలపాటు పరుగు మాట ఎత్తకూడదన్నారు.

మర్నాడు నేను రాజీనామా రాసుకుని కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆయన చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చాడు.

"మీరు పోతే ఇంకొకర్ని తెస్తారు" అన్నాడు తన కేరళ హిందీలో. "ఆ మనిషికి నిన్న మీకు వేసిన భయం ఉండదు. నాకు ఆ భయం ఉన్న మనిషి కావాలి."

ఆ రోజుకి ఆయన పది మాటల కోటా దాటిపోయింది.

గోల్‌కీపర్‌ని చూడటానికి వెళ్తే, మంచం మీద కూర్చుని అతనే నన్ను ఓదార్చాడు. "చింతా నహీ కరో బెన్. తప్పు నాది. ఇంట్లో మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చెబితే టీంలోంచి తీసేస్తారని దాచాను. మీరు అడిగారు, నేను లేదన్నాను."

అక్కడే ఉంది విషయం. నేను అడిగాను, చూడలేదు. అతన్ని ఒక్కసారి మెట్లెక్కించి ఉంటే నోటితో చెప్పనిది ఊపిరి చెప్పేది. పిల్లలూ, ఆటగాడు అబద్ధం చెబుతాడు. చెడ్డవాడై కాదు, ఆడాలని. పట్టాల మీద పనిచేసేవాళ్లు సెలవు కోసం లేని నొప్పి చెప్పేవాళ్లు. వీళ్లు ఆట కోసం ఉన్న నొప్పి దాచేవాళ్లు. ముప్పై నాలుగేళ్లు మొదటి రకం అబద్ధాలు పట్టుకోవడం నేర్చుకున్నాను. రెండో రకం నాకు కొత్త.

అప్పటినుంచి రోజూ తెల్లారగానే, ఎవరూ మంచం దిగకముందే, గది గదికీ వెళ్లి నాడి చూసి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. కరోనా వచ్చి తగ్గినవాళ్లని డాక్టరు చూసి సరేనన్నాకనే నడిపించడం, నడకలో బాగుంటేనే మెల్లగా పరుగు, ఆ తర్వాతే బంతి. నాకు 'స్పీడ్ బ్రేకర్ బెన్' అని పేరు పెట్టారు. వెనక అనుకుంటే బాగుండేది, ఎదురుగానే పిలిచేవాళ్లు.

లీగ్ మళ్లీ మొదలైంది. గోల్‌కీపర్ ఆడకపోయినా టీంని వదలలేదు, బెంచీ మీద కూర్చుని రెండో గోల్‌కీపర్‌కి ధైర్యం చెప్పేవాడు. మేం గెలుస్తూ వచ్చాం. మధ్యలో హాస్టల్లో నలుగురికి కరోనా వచ్చింది, అందులో కెప్టెన్ ఒకడు. పెద్దగా ఏమీ కాలేదు. నా మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కించాను. సణుగుతూనే ఎక్కాడు. ఐదు వారాల తర్వాత ఆటలోకి వచ్చి రెండు మ్యాచులు గెలిపించాడు. ఇక చివరి మ్యాచు మిగిలింది. పైనున్న జట్టు మాకంటే ఒక్క పాయింటు ముందుంది, ఆ జట్టుతోనే ఆట. గెలిస్తే కప్పు మాది. డ్రా చేసుకున్నా వాళ్లది.

ఆ రోజు పొద్దున కెప్టెన్ గదికి వెళ్లాను. మామూలుగా అతని నాడి నిమిషానికి యాభై ఆరు దాటదు. ఆ పొద్దున ఎనభై ఆరు. జ్వరం లేదు. "లేచి ఉన్నావా ఇంతకుముందు?" అంటే లేదన్నాడు. అరగంట పడుకోబెట్టి మళ్లీ చూశాను. ఎనభై నాలుగు.

"గాబరా ఉంటది కదక్కా. ఫైనల్ లెక్కనే కదా గిది" అని నవ్వాడు.

నిజమే కావచ్చు. అందరి నాడీ ఆ రోజు కొంచెం ఎక్కువే ఉంది. కాని బూట్లు కట్టుకోవడానికి వంగినప్పుడు అతని ఎడమచెయ్యి ఒక్క క్షణం ఛాతీ మీదికి వెళ్లి వచ్చింది. నేను చూశానని అతనూ చూశాడు.

"ఏమైంది అక్కడ?"

"ఏం లే."

"నా వైపు చూసి చెప్పు."

తల వంచి బూటు తాడు ముడేశాడు. "జరంత పట్టేసినట్టుంది. గ్యాస్ అయ్యుంటది. అక్కా, జర సమజ్ చేసుకో. తొంభై నిమిషాలు. గంతే. ఆట అయినంక నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్త."

"ఆట అయినంక కాదు. ఇప్పుడు పోదాం."

"మా నాయినకు మాటిచ్చిన!" అని అరిచాడు. కారిడార్లో తలుపులు తెరుచుకున్నాయి. "కప్పు తెస్తనని ఆయన చెయ్యి పట్టుకొని చెప్పిన. నువ్వెవరు ఆపనీకి?"

నేనెవర్ని? ఆ ప్రశ్న సరైనదే. నిన్నగాక మొన్న వచ్చిన ముసలి ఫిజియోని, ఆఫ్‌సైడ్ కూడా తెలియనిదాన్ని. నా చేతిలో ఉన్నది రెండు అంకెలూ, ఒక చెయ్యి ఛాతీ మీదికి వెళ్లిన క్షణమూ. దాని మీద ఆధారపడి ఒక మనిషి పదేళ్ల కలని ఆపుతున్నాను.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "బెన్, సగం ఆట ఆడించి చూద్దాం. ఏదైనా అనిపిస్తే వెంటనే దింపేద్దాం" అన్నాడు. చెడ్డ మనిషి కాదు, ఆ కప్పు కోసం రెండేళ్లుగా చీరల దుకాణం అన్న మీద వదిలేసి తిరుగుతున్నవాడు.

"గోల్‌కీపర్‌కి ఏదైనా అనిపించేలోపే పడిపోయాడు" అన్నాను. "నేను సంతకం పెట్టను. నన్ను తీసేసి ఇంకొకరితో పెట్టించుకోండి."

అందరం కోచ్ వైపు చూశాం. ఆయన జేబులోంచి ఆడేవాళ్ల జాబితా తీశాడు. గోడకి ఆనించి, మొదటి పేరు కొట్టేశాడు. కింద ఇంకో పేరు రాశాడు. కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు కెప్టెన్‌కి చెంపదెబ్బలా తగిలి ఉంటుంది.

అతను తలుపు వేసుకున్నాడు. ఆసుపత్రికి రానన్నాడు. నా మాట వినే స్థితిలో లేడు. అప్పుడు గోల్‌కీపర్ వచ్చి, నన్ను పక్కకి జరగమని, తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు. హిందీలో, మెల్లగా, లోపలికి వినబడేలా చెప్పాడు.

"భాయ్, నేను పడినప్పుడు నాకేమీ తెలియలేదు. చీకటి, అంతే. తర్వాత ఆసుపత్రిలో మా అమ్మ మొహం చూశాను. ఆ మొహం నువ్వు మీ అమ్మకి తెప్పించకు. నాన్న పోయి ఎన్ని నెలలైందిరా?"

ఐదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. కెప్టెన్ నా వైపు చూడకుండా ముందు నడిచి వెళ్లి కారెక్కాడు.

కాబట్టి పిల్లలూ, నా క్లబ్బు ఛాంపియన్ అయిన ఆట నేను చూడలేదు. ఆ సమయంలో నేను ఈసీజీ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, స్కానింగ్‌కి ఇంకా టైముందన్నారు. కెప్టెన్ నాకు రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. ఆట మొదలయ్యే వేళకి ఫోను తీసి, ప్రసారం పెట్టాడు. బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోంది. కాసేపటికి అతని కాళ్లు వాటంతట అవే కదలడం మొదలుపెట్టాయి.

"ఎడమకు! ఎడమకు ఇయ్యిరా!"

నర్సు బయటికి వచ్చి మందలించింది. సారీ చెప్పాడు. రెండు నిమిషాలకి మళ్లీ అరిచాడు. ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి తిట్టబోయి, స్కోరెంత అని అడిగింది. సున్నా-సున్నా. వెళ్తూ వెళ్తూ, "నాడి పెరుగుతుంది, పరీక్షలున్నాయి కదా, కాస్త శాంతంగా చూడు" అంది. అతను అరచేత్తో తన నోరు తనే మూసుకుని చూడసాగాడు.

స్కానింగ్‌కి పిలిచినప్పుడు ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉంది. ఫోను నాకిచ్చి, "గోల్ అయితే తలుపు కొట్టు" అన్నాడు. ఆ రోజు ఆసుపత్రికి వచ్చాక అతను నాతో అన్న మొదటి మాట అది.

ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎవరు ఎటు పరిగెడుతున్నారో నాకు తెలియడం లేదు. బొమ్మ ఆగింది. మళ్లీ కదిలేసరికి మావాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని నా ప్రాణం పోయినంత పనైంది. అప్పుడు కింద స్కోరు కనబడింది. ఒకటి-సున్నా. కొట్టింది మా ఎడమవైపు డిఫెండరు. సీజన్ మొత్తంలో అతను గోలు వైపు తన్నిన బంతులన్నీ గోడ అవతల పడినవే. తలుపు కొట్టాను. లోపల్నుంచి డాక్టరు కోపంగా ఏదో అన్నాడు, దాని వెనకే కెప్టెన్ కేక.

మిగిలిన పది నిమిషాలూ ఇద్దరం ఒకే ఫోను మీదికి వంగి చూశాం. స్కానింగ్ ముగించుకుని ఎప్పుడు నా పక్క కుర్చీలోకి వచ్చాడో గమనించలేదు. ఆఖరి ఈల వినబడింది. అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నర్సు మాకేదో చెడు వార్త తెలిసిందనుకుని నీళ్ల సీసా తెచ్చింది.

ఇంకో గంటకి డాక్టరు కాగితాలన్నీ పట్టుకుని పిలిచాడు. "గుండెకి ఏమీ లేదు. వాపు లేదు, రక్తపరీక్ష మామూలు. నిద్ర పోలేదు కదా నిన్న? నీళ్లు కూడా తాగినట్టు లేవు. ఇంటికెళ్లి పడుకో" అన్నాడు.

బయటికి వచ్చాం.

"అంటే నేను ఆడేటోన్ని" అన్నాడు.

"అవును" అన్నాను. "ఆడేవాడివే. నేను ఆపాను."

ఏమన్నా పడటానికి సిద్ధపడి నిలబడ్డాను. అతను నా మొహంలోకి కాసేపు చూశాడు.

"రిపోర్టు మంచిగొస్తే గట్ల మొఖం పెడ్తవేందక్కా? ఖరాబొస్తే నవ్వుదామనుకున్నవా?"

అలా అని తనే నవ్వాడు. ఆ నవ్వులో బాధ లేదని నేను అబద్ధం చెప్పను. ఉంది. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ మ్యాచు మాట వస్తే ఇంకేదో విషయం ఎత్తుతాడు. నేనూ అదే అందుకుంటాను. నన్ను చాలామంది అడిగారు, టీం ఓడిపోయి ఉంటే ఏం చేసేదానివని. ఏం చేసేదాన్నో తెలియదు. అతను నన్ను క్షమించేవాడో లేదో తెలియదు. కాని ఆ పొద్దున నా ముందున్నది ఎనభై ఆరు, తర్వాత ఎనభై నాలుగు. సాయంత్రం వచ్చిన రిపోర్టు పొద్దున నా చేతిలో లేదు. మీ చేతిలోనూ ఎప్పుడూ ఉండదు.

టీం బస్సు ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చింది. సీజన్ అయిపోయింది కాబట్టి హాస్టల్ నియమాలూ అయిపోయాయి. మేనేజరు గుంపులోంచి దూసుకొచ్చి, నన్ను ఏమీ అడగకుండా కెప్టెన్ చేతిలోని కాగితాలు లాక్కుని చదివి, ఆ రెండు మాస్కుల వెనక గట్టిగా ఊపిరి వదిలాడు. కోచ్ కిటికీలోంచి కప్పు బయటికి అందించి, "ఎక్కు" అన్నాడు. అంతే.

"లింబాయత్ పోనియ్యి" అన్నాడు కెప్టెన్ డ్రైవరుతో.

బస్సు ఆ సందుల్లో పట్టదు. మెయిన్ రోడ్డు మీద దిగి నడిచాం. మగ్గాలు నడుస్తున్నాయి. మాస్కులు గడ్డాల కిందికి జార్చుకుని కార్మికులు కార్ఖానాల్లోంచి బయటికి వచ్చి చూశారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ సీజన్లో మా టీంకి వినబడిన మొదటి చప్పట్లు అవే.

కెప్టెన్ తల్లి గడపలో కూర్చుని చీరకి రాళ్లు అతికిస్తోంది. ఆమె ఫోన్లో ఆట సరిగ్గా రాలేదట, సగం చూసి ఆపేసిందట. కొడుకు కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, దాన్ని ఒకసారి తాకి చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"నువ్వెన్ని కొట్టినవ్ బిడ్డా?"

"నేను ఆడలేదే అమ్మా. గీ అక్క ఆడనియ్యలే. గుండె చూపియ్యనీకి దవాఖాన్ల కూసున్న."

ఆమె మొహం మారిపోయింది. లేచి నిలబడి, కొడుకు ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది.

"ఏమన్నరు?"

"మంచిగున్నదన్నరు."

"పక్కానా?"

"పక్కా. కాయిదం గూడ ఉన్నది."

ఆమె చెయ్యి అక్కడే ఉంచి కాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూ, సందు నిండా నిలబడ్డ అందరికీ వినబడేలా అంది.

"గట్లయితే నిలవడ్డరేంది? లోపటికి రండ్రి. అన్నం తిందురు."